పంటి సందున ఉన్నిపోగు

ఉన్ని విషయంలో క్లారీ ట్రాంటర్ తప్పు చెప్పగా చూసినవాడు ఆ జిల్లాలో లేడు. ఇది ఆయన చెప్పుకునే మాట కాదు, నేను చెబుతున్న మాట. ఎక్కడ నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను. కళ్లకు గంతలు కట్టి చిటికెడు ఉన్ని వేళ్ల మధ్య పెడితే చాలు, అది ఏ జాతి గొర్రెదో, ఏ బీట్లో మేసిందో, దాన్ని కత్తిరించినవాడు ఆ పొద్దున పెళ్లాంతో గొడవపడి వచ్చాడో లేదో కూడా చెప్పేసేవాడు. ఒక ఏడు ఒక పొట్టేలుకి ఉన్ని ఎంత దట్టంగా పట్టిందంటే, సగం కత్తిరించేసరికి నిరుడు పోయిన కత్తెర లోపల దొరికిందట. ఆ కత్తెర ఎవరిదో కూడా క్లారీ వాసన చూసే చెప్పాడు.

అంతటివాడు ఇప్పుడు వదిన నోలీన్ ఇంటి వెనక వరండాలో మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలితో కుక్క పెదవి పైకెత్తి, నోట్లోకి తొంగి చూస్తున్నాడు.

"వెనక దవడ చూడు క్లారీ. ఇరుక్కుంటే అక్కడే ఇరుక్కుంటుంది," అంది కంచె అవతలి నుంచి వెర్నా.

వెర్నా పక్కింటావిడ. పచ్చిక మీద బంతులు దొర్లించే ఆడవాళ్ల క్లబ్బుకి అధ్యక్షురాలు. ఆ మధ్యాహ్నం పోటీ ఉందని తల మీది టోపీ నుంచి కాలి బూట్ల దాకా తెల్లగా ముస్తాబై ఉంది. ఊళ్లో జరిగే పశువుల ప్రదర్శన కోసం ఆమె సీసాతో పాలు పట్టి పెంచుకుంటున్న గొర్రెపిల్ల పుడింగ్ పొద్దుటి నుంచి కనబడడం లేదు. అది కనబడని వేళలోనే నోలీన్ కొత్త కుక్క తెల్లటి ఉన్ని ముద్దనేదో నోట కరుచుకుని, ఇంటి కింద సందులోకి దూరిపోవడం ఆమె కళ్లారా చూసింది. చూసి అరిచింది. పడమటి గాలి వీచే రోజున ఆ ఊళ్లో నోటి నుంచి జారిన మాట మూడో వీధిలో గిన్నెలు తోముకునేవాళ్లకి కూడా వినబడుతుంది. అందుకని ఈపాటికి విషయం ఊరందరికీ తెలిసిపోయింది.

నోలీన్ వరండా స్తంభం పట్టుకుని నిలబడింది.

వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని కూతురు డీడ్రీ నిలబడి ఉంది. ఆసుపత్రి వంటశాలలో ఉద్యోగం. ఒంటి మీద ఇంకా ఆ నీలం దుస్తులే ఉన్నాయి. ఆ కుక్క, పాన్సీ, ఇంటికొచ్చిన నాటి నుంచి ఆమె తల్లితో మాట్లాడిన మాటల్లో "ఉప్పు ఇలా ఇవ్వు" అన్నదే అన్నిటికన్నా పొడుగైనది.

ఆ మౌనం వెనకున్న చిక్కు అందరికీ తెలిసిందే. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ సరేనంటేనే కుక్కని ఉంచుకోవాలని, పందాలు మానిన కుక్కల్ని పెంపకానికిచ్చే ఆశ్రయం వాళ్ల నియమం. నోలీన్ సరే అంది. బయట గదిలో ఉండే మరిది క్లారీ, కుక్కలన్నీ తనకి చుట్టాలే అన్నాడు. డీడ్రీ మాత్రం అవుననలేదు, కాదనలేదు. గడువు ఈ సాయంత్రమే. వాళ్లు తలుపులు మూసేలోగా ఆమె ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పాలి, లేదా కుక్కని బండెక్కించి నగరానికి తీసుకెళ్లి అప్పగించాలి.

పాన్సీ గ్రేహౌండ్. ఆ జాతి పేరంటేనే ఆ ఊరికి ఒక భయం. పందెపు కుక్క కదా, కదిలేది ఏది కనబడినా చంపుతుందని. వీధిలోకి తెస్తే మూతికి చిక్కం వేసి తేవాలన్న పద్ధతి ఒకటి ఉండడంతో ఆ భయానికి సాక్ష్యం కూడా దొరికింది. చిక్కం వేశారంటే కరిచేదే అయి ఉంటుందని జనం లెక్క. పైగా పాన్సీ కళ్లు సగం తెరిచి నిద్రపోతుంది. హత్య చేసినవాళ్లే అలా పడుకుంటారని వెర్నా మొదటి రోజే తేల్చింది. ఇది పులిచారల ఒంటితో, సన్నటి నడుముతో, రోజంతా సోఫా మీద వెల్లకిలా పడి నాలుగు కాళ్లూ గాల్లో పెట్టుకుని ఉంటుందన్న సంగతి కంచె అవతలికి కనబడదు.

క్లారీ రెండు వేళ్లు లోపలికి పెట్టాడు. పాన్సీ పళ్లు టకటకమని కొట్టుకున్నాయి. వెర్నా చప్పున వెనక్కి అడుగేసింది.

"చూశావా? ఎలా కొరుకుతోందో!"

"కొరకడం కాదు, సంతోషం," అంది నోలీన్. ఆ పూట ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. "ఈ జాతికి సంతోషమైతే పళ్లు అలాగే ఆడిస్తాయి."

నోలీన్‌కి తెలుసు. ముప్పై నలభై గ్రేహౌండ్లు పళ్లు ఆడిస్తూ ఉంటే, పొద్దున్నే చలిలో కొట్టం తలుపు తీసిన మనిషి ఆమె. ఆ చప్పుడు రేకుల కప్పు మీద తొలి చినుకుల్లా ఉండేది. ఆ వెనక కీత్ ఈల వేస్తూ వచ్చేవాడు. కీత్ ఆమె భర్త. పందాలకి కుక్కల్ని పెంచి, తయారుచేసి, ఆదివారం సాయంత్రాలు ట్రక్కు వెనక బోనుల్లో ఎక్కించుకుని ఊళ్లు తిరిగినవాడు. ఆయన పోయి చాలా ఏళ్లైంది. ఆ కొట్టాల్లో ఇప్పుడు టమాటా మొక్కలున్నాయి.

"దొరికింది," అన్నాడు క్లారీ.

ఆయన వేళ్ల చివర తెల్లటి పోగు ఒకటి, తడిసి ముడుచుకుని ఉంది. దాన్ని ఎండకి పట్టాడు. లాగి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆఖరికి నాలుక చివర తగిలించుకుని, పెద్ద డాక్టరు మాదిరిగా కాసేపు ఆకాశంలోకి చూశాడు.

"పిల్లదే. పాలు మానని పిల్ల. తండ్రి లెస్టర్ జాతి, తల్లి మెరినో. తల్లి పాలు కాదు, సీసా పాలు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు తగ్గింది. "నన్ను క్షమించు వదినా. ఉన్ని అబద్ధం చెప్పదు."

వెర్నా తెల్లటి టోపీ తీసి గుండెలకి హత్తుకుంది. "నా పుడింగ్," అంది.

గొర్రెల మీద బతికే ప్రాంతం అది. ఒకసారి గొర్రెని కరిచిన కుక్కని అక్కడ ఎవరూ తిట్టరు, కొట్టరు. తుపాకీ తెస్తారు. ఆశ్రయానికి తిరిగి పంపినా, ఆ మచ్చతో వెళ్లిన కుక్కకి ఇంకో ఇల్లు దొరకదు. అది అక్కడున్న నలుగురికీ తెలుసు. తెలియనిది పాన్సీకే. అది తల తీసుకెళ్లి క్లారీ చంకలో పెట్టి కళ్లు సగం మూసింది.

క్లారీ ఇంకొక మార్గం చెప్పాడు. పాత రోజుల్లో అనుమానమున్న కుక్క గొంతులో చిటికెడు చాకలి సోడా వేసేవారు. కక్కిందంటే లోపలున్నదంతా బయట పడుతుంది. న్యాయం జరిగినట్టు ఉంటుంది, అనుమానం మిగలదు.

"వెయ్యి," అంది డీడ్రీ.

"వద్దు," అంది నోలీన్.

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా రోజుల తర్వాత చూసుకున్నారు.

"ఎందుకు వద్దమ్మా? అది చెయ్యలేదని నమ్మితే భయం దేనికి?"

నోలీన్ దగ్గర జవాబుంది. వెర్నా "తెల్లటి ఉన్ని" అన్న క్షణం నుంచీ ఉంది. ఆ జవాబు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఎందుకంటే అది చెబితే కుక్క బతుకుతుంది, కానీ ఇరవై ఏళ్లకి పైగా ఈ ఇంట్లో ఎవరూ ముట్టుకోని మాటొకటి లేచి కూర్చుంటుంది.

కీత్ ట్రక్కులో ముందు సీటు మీద ఒక గొర్రెతోలు ఉండేది. తెల్లటి, ఒత్తుగా ఉన్న ఉన్ని తోలు. కీత్ పోయాక డీడ్రీ దాన్ని బయట పారెయ్యమంది, కుక్కల కంపు కొడుతోందంది. పారేశానని నోలీన్ చెప్పింది. పారెయ్యలేదు. బట్టలుతికే గదిలో పెట్టె అడుగున దాచింది. పాన్సీకి పక్కలా పరుద్దామని నిన్ననే తీసి, గోరువెచ్చటి నీళ్లలో ఉతికి, ఇంట్లోంచి కనబడకుండా షెడ్డు వెనక కంచె మీద ఆరేసింది. పొద్దున చూస్తే అది అక్కడ లేదు. గాలికి పోయిందనుకుంది.

వెర్నా అరుపు విన్నాకే అర్థమైంది, గాలికి పోలేదని.

ఆ తోలు మీద ఒకప్పుడు పడుకున్నదెవరో డీడ్రీకి గుర్తులేకుండా ఉండదు.

డీడ్రీ వంటింట్లోకి వెళ్లింది. అలమర తలుపు చప్పుడైంది. డబ్బా మూత చప్పుడైంది. బయటికొచ్చేసరికి ఆమె చేతిలో సోడా డబ్బా ఉంది. దాన్ని క్లారీకి అందిస్తూ, కానిచ్చేస్తే తను వెలుతురుండగానే కుక్కని తీసుకెళ్లి అప్పగించి వస్తానని, ఇక్కడ తుపాకీ గొడవ తన కళ్ల ముందు జరగడానికి వీల్లేదని చెప్పింది. ఆ ఆఖరి మాట దగ్గర ఆమె గొంతు వణికింది. క్లారీ గమనించలేదు. నోలీన్ గమనించింది.

"ఉండు," అని నోలీన్ వరండా మెట్లు దిగింది.

ఆ ఇల్లు మొద్దుల మీద నిలబెట్టినది. కింద మోకాలెత్తు ఖాళీ. చుట్టూ చెక్క అల్లిక. ఒక మూల అల్లిక విరిగిన చోటు నుంచే పాన్సీ దూరుతుంది. అంతకుముందు ఆ కన్నం ముందు నిలబడి ముగ్గురూ లోపలికెవరు వెళ్లాలని చర్చించారు. క్లారీ తన మోకాళ్ల సంగతి చెప్పాడు. వెర్నా తన తెల్లబట్టల సంగతి చెప్పింది. డీడ్రీ గోధుమరంగు విషప్పాముల సంగతి చెప్పింది. అలా ఆ చర్చ ముగిసింది.

నోలీన్ ఏ సంగతీ చెప్పలేదు. పొట్ట మీద పడుకుని, ఎర్రమట్టిలో మోచేతులు ఆనించి, లోపలికి పాకింది. డెబ్బై దాటిన మనిషి.

"వదినా, ఏంటిది?" అంటున్న క్లారీ గొంతు వెనక నుంచి వచ్చింది. తర్వాత ఆయన బూట్లు, డీడ్రీ చెప్పులు, కంచె దాటుకుని వచ్చిన వెర్నా తెల్లబూట్లు వరసగా ఆ కన్నం ముందు నిలబడడం నేల మట్టాన కనబడింది.

లోపల చల్లగా ఉంది. ఎండుమట్టి, తుప్పుపట్టిన రేకు, పాత గోనె వాసన. గాలి చెక్క అల్లికలోంచి ఈల వేసినట్టు వస్తోంది. నోలీన్ చేతికి ముందుగా క్లారీ పాత టోపీ తగిలింది. ఆ వెనక ఒక దిండుగలీబు, వెర్నా పాత తెల్లబూట్ల జతలోది ఒకటి. ఆ వెనక మెత్తగా, ఒత్తుగా, ఇంకా కాస్త తేమగా, అది.

చింపలేదు. ఒక మూల నమిలింది, అంతే. మిగతాదాన్ని చుట్టూ తిరిగి తిరిగి, కాళ్లతో సర్ది, గుండ్రంగా పక్కలా వేసుకుంది.

నోలీన్ దాని మీద చెంప ఆనించింది. సబ్బు వాసన. సబ్బు కింద ఇంకేదో ఉందేమోనని ఊపిరి పీల్చి చూసింది. లేదు, ఏమీ లేదు. ఉతికేసింది కదా. ఆ ట్రక్కు కిటికీ అద్దం పూర్తిగా పైకెక్కేది కాదు, చలికాలం మోకాళ్ల మీద ఈ తోలే కప్పుకునేది తను. మధ్యలో డీడ్రీ. డీడ్రీ ఒళ్లో తల పెట్టుకుని, సీటంతా ఆక్రమించి టాఫీ. కీత్ పాడుతూ ఉండేవాడు, ఒక్క పాటా పూర్తిగా వచ్చేది కాదు. ఆ సందులో నలుగురూ ఎలా పట్టారో ఇప్పటికీ తెలియదు. ఊరు దగ్గరపడుతుంటే గోధుమ గిడ్డంగి ముందు కనబడేది, తర్వాత నీళ్ల ట్యాంకు, తర్వాత ఇంటి దీపం.

"అమ్మా?" అని పిలిచింది డీడ్రీ బయటి నుంచి. "అమ్మా, బాగున్నావా?"

నోలీన్ తోలునీ ఆ బూటునీ లాక్కుంటూ వెనక్కి పాకింది. లేచి నిలబడింది. ఒళ్లంతా ఎర్రమట్టి, జుట్టులో సాలెగూడు. బూటుని కింద పడేసి, తోలుని విప్పి, వాళ్ల ముందు వరండా పిట్టగోడ మీద పరిచింది.

నమిలిన మూల నుంచి తెల్లటి పోగులు గాలికి ఆడుతున్నాయి.

క్లారీ దగ్గరికొచ్చాడు. వేళ్లతో తడిమాడు. తిరగేశాడు. వెనక వైపు తోలు మూలన పాత సూదికుట్టు ఒకటుంది. దాన్ని చూసి, చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న పోగుని చూసి, మళ్లీ కుట్టుని చూసి, టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"ఇది నేనిచ్చిందే వదినా. మీ పెళ్లికి. గొర్రెని కోసింది నేను, ఉప్పు రాసింది నేను, పదును చేసింది నేను, కుట్టింది నేను."

"అవును."

"ముసలి పోతు అది. పళ్లు కూడా లేవు దానికి."

"సీసా పాలు తాగేదన్నావు," అంది డీడ్రీ.

క్లారీ కాసేపు ఆలోచించాడు. "పళ్లు లేవు కదా, తాగే ఉంటుంది," అన్నాడు.

ఉన్ని విషయంలో ఆయన తప్పు చెప్పగా చూసినవాడు లేడని మొదట్లో అన్నాను. ఇప్పుడు ముగ్గురున్నారు. తన చేత్తో కుట్టిన తోలుని తానే గుర్తుపట్టలేకపోవడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదని, అందులోనూ తనదే పైచెయ్యి అని ఆ తర్వాత క్లారీయే ఊరంతా చెప్పుకున్నాడు. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. నాకేం నష్టం లేదు.

వెర్నా మాత్రం నవ్వలేదు. తోలు సంగతి సరే, మరి తన పిల్ల ఏమైందని అడిగింది. అడుగుతుండగానే ఆమె ఇంట్లోంచి మొగుడు కేకేశాడు. క్లబ్బు తోటమాలి ఫోన్ చేశాడట. పోటీ కోసం నెలల తరబడి నీళ్లు పెట్టి, దువ్వి, ఎవరినీ చెప్పులతో అడుగుపెట్టనివ్వకుండా కాపాడిన పచ్చిక మధ్యలో ఒక గొర్రెపిల్ల హాయిగా మేస్తోందట. సగం మేసేసిందట. ఎవరిదో అధ్యక్షురాలుగారికేమైనా తెలుసా అని అడుగుతున్నాడు.

వెర్నా మొహం ఆమె బట్టలంత తెల్లబడింది. పోయేముందు ఒక్క క్షణం ఆగింది. క్షమించమంటుందేమోనని క్లారీ ఎదురుచూశాడు. ఆమె ఒంగి, ఇంటి కింద నుంచి బయటపడ్డ తన బూటు తీసుకుని వెళ్లిపోయింది. పుడింగ్‌ని ఇంటికి తోలుకురావడానికి క్లారీ కూడా ఆమె వెనకే పరుగు తీశాడు. ఆ దృశ్యం చూడకుండా ఉండడం ఆయన వల్ల కాదు.

పెరట్లో తల్లీకూతుళ్లు మిగిలారు. పాన్సీ పిట్టగోడ దగ్గరికొచ్చి, తోలు మీద గడ్డం ఆనించి నిలబడింది.

"పారేశానన్నావు," అంది డీడ్రీ.

"అన్నాను."

"టాఫీ దీనిమీదే పడుకునేది."

నోలీన్ తల ఊపింది. బట్టలారేసే ఇనుప గొడుగు గాలికి కిర్రుకిర్రుమని తిరుగుతోంది. దాని మీద క్లారీ చొక్కాలు రెండు చేతులు చాపి తిరుగుతున్నాయి.

టాఫీ బెల్లంరంగు గ్రేహౌండ్. డీడ్రీ బడికెళ్లే రోజుల్లో ఆమె వెంటే వీధి చివరి దాకా వెళ్లి వచ్చేది. పందెంలో అది అందరి కన్నా వెనక పరుగెత్తేది. పక్కన పరుగెత్తే కుక్కలతో కబుర్లు చెబుతుందని కీత్ నవ్వేవాడు. కొన్నాళ్లకి నవ్వడం మానేశాడు. గెలవని కుక్కని ఊరికే మేపడం ఆ పనిలో ఎవరికీ కుదిరేది కాదు. ఒక సాయంత్రం డీడ్రీ బడి నుంచి వచ్చేసరికి టాఫీ లేదు. సముద్రం ఒడ్డున కీత్ స్నేహితుడికి ఇచ్చామని, అక్కడ ఇసుకలో ఆడుకుంటోందని చెప్పారు. ఆ మరుసటి ఏడు కుటుంబమంతా సెలవలకి సముద్రానికి వెళ్లారు. పిల్ల ఆ ఇసుక మీద ఈ చివర నుంచి ఆ చివరికి టాఫీ, టాఫీ అని పిలుచుకుంటూ, పొద్దుగూకేదాకా నడిచింది. కీత్ ట్రక్కు దిగలేదు.

"నాకు తెలుసమ్మా," అంది డీడ్రీ. ఇప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. "అప్పుడే తెలుసు. ఆ సముద్రం దగ్గరే. నాన్న ట్రక్కు దిగలేదు కదా, అప్పుడు తెలిసింది."

నోలీన్ పిట్టగోడ పట్టుకుంది.

"తెలిసీ పిలిచావా? అంతసేపు?"

"ఆపేస్తే నాకు తెలిసిందని మీకు తెలిసిపోతుందిగా. నాన్న మొహం అలా ఉంటే ఎలా ఆపను?"

పాన్సీ పళ్లు టకటకలాడించింది. ఎవరి గొంతు విని దానికి సంతోషమైందో తెలియదు.

"నువ్వు దీన్ని ఎందుకు తెచ్చావో నాకర్థం కావట్లేదనుకోకు," అంది డీడ్రీ. "దీన్ని చూసినప్పుడల్లా ఆ ఇసుక మీద నడుస్తున్నట్టే ఉంటుంది నాకు. రోజూ అలా నడవమంటావా? మంచిదే అనుకో, గొర్రెని చంపలేదే అనుకో. అయినా సరే అనలేను. అంతే."

నోలీన్ అడగదలుచుకున్నవి చాలా ఉన్నాయి. ఉండనివ్వమని బతిమాలాలని ఉంది. కానీ నోట వచ్చింది అది కాదు.

"టాఫీ నది దగ్గర ఉంది," అంది. "పాత పంపు కొట్టం వెనక, ఒడ్డు మీద. మీ నాన్న రెండుసార్లు తీసుకెళ్లి, కాల్చలేక రెండుసార్లు వెనక్కి తెచ్చాడు. మూడోసారి నేనూ వెళ్లాను. గొలుసు పట్టుకున్నది నేనే డీడ్రీ. నేను పట్టుకుంటే అది కదలకుండా నిలబడింది. పళ్లు ఆడించింది."

గాలి ఉంది, ఇనుప గొడుగు కిర్రుమంటూనే ఉంది, దూరంగా క్లబ్బు వైపు నుంచి ఎవరో ఎవరినో తిడుతున్నారు.

డీడ్రీ తల్లి జుట్టులో చిక్కుకున్న సాలెగూడుని చూస్తూ నిలబడింది. చెయ్యి ఎత్తింది, తీస్తుందేమో అనిపించింది. తియ్యలేదు. వంటింట్లోకి వెళ్లి బండి తాళాలు, పాన్సీ తాడు, చిక్కం తెచ్చింది. తాడు కట్టింది. చిక్కాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి వరండా కొక్కేనికి తగిలించింది.

"ఎక్కడికి?" అంది నోలీన్.

డీడ్రీ పిట్టగోడ మీది తోలు తీసి చంకలో పెట్టుకుంది.

పాన్సీకి బండెక్కడం చేతకాదు. పందెపు కుక్కని ఎప్పుడూ ఎవరో ఒకరు ఎత్తి ఎక్కిస్తారు. అది తలుపు దగ్గర నిలబడి, నా పని ఎవరు చేస్తారన్నట్టు చూసింది. డీడ్రీ ముందు సీటు మీద తోలు పరిచింది. ఒంగి దాని ముందు కాళ్లు రెండూ పైన పెట్టింది, తర్వాత నడుము కింద చెయ్యి వేసి వెనక కాళ్లు ఎత్తింది. చిన్నప్పుడు నేర్చుకున్న పని చేతులు మర్చిపోలేదు. తలుపు వేసింది.

నోలీన్ వీధి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. తనని కూడా రమ్మంటుందేమోనని చూసింది. బండి కదిలింది.

ఆ వీధి చివర కూడలి ఉంది. కుడి వైపు తిరిగితే నగరం రోడ్డు, ఆశ్రయం, తలుపులు మూసే వేళకి ఇంకా వ్యవధి ఉంది. ఎడమ వైపు తిరిగితే నది. బండి కూడలి దగ్గర ఆగింది. వెనక అద్దంలోంచి పాన్సీ పొడుగు మెడ, దాని పక్కన డీడ్రీ తల, రెండూ ఒకే ఎత్తులో కనబడ్డాయి. ఎడమ దీపం వెలిగి ఆరింది, వెలిగి ఆరింది.

ఆ దీపం నేను కల్పించింది. నోలీన్‌ని ఆ గుమ్మంలో అలా వదిలెయ్యడానికి మనసు రాక వెలిగించాను. నిజానికి ఆ పడమటి గాలికి లేచిన ఎర్రదుమ్ములో దీపం కాదు కదా, బండే కనబడలేదు. దుమ్ము సర్దుకునేదాకా ఆమె కదలకుండా నిలబడింది. సర్దుకునేసరికి కూడలిలో ఎవరూ లేరు. రెండు వైపులా రోడ్డు ఖాళీగా ఉంది.